తలకొలతకు తడి దారం

మా ఊరు మ్వంబానిలో టోపీల క్లాసుకి గడియారంతో పనిలేదు. ఆటు మొదలై, మడ చెట్ల వేళ్ళు బయటపడి, బురదలో పీతలు తిరగడం మొదలయ్యాక బీ రుకియా (పెద్దావిడని మేం బీ అంటాం) తన ఇంటి తలుపు తీసి వసారాలో చాపలు పరుస్తుంది. ఇవాళ తొమ్మిదింటికైతే రేపు పదింటికి, ఎల్లుండి పదకొండు కావస్తుండగా. లాము పట్నం నుంచి మహిళా సంఘం తరఫున వచ్చిన చదువుకున్న అమ్మాయి మొదట్లో ఒక టైం టేబుల్ అచ్చువేయించి తెచ్చి గోడకి అంటించింది. ఆ అమ్మాయి పడవెక్కగానే బీ రుకియా దాన్ని నాలుగు మడతలు పెట్టి కుంటి స్టూలు కాలి కింద దూర్చింది. స్టూలు ఊగడం మానేసింది.

క్లాసులో పద్నాలుగు మంది ఆడవాళ్ళు. తెల్ల గుడ్డ మీద పెన్సిలుతో గీసిన పువ్వుల వెంట ముల్లుతో కన్నాలు పొడవాలి. ఒక్కో కన్నం అంచు చుట్టూ తెల్ల దారంతో కుట్టుకుంటూ రావాలి. ఒక టోపీకి వెయ్యి కన్నాల పైమాటే. నెత్తిమీదికి గుండ్రటి బిళ్ళ ఒకటి, చుట్టూ పట్టీ ఒకటి, రెండూ కలిపి కుట్టి, గంజి పెట్టి, బోర్లించిన కుండ మీద ఆరబెడితే టోపీ. చెప్పడానికి ఇంతే. కుట్టడానికి రెండు నెలలు పడుతుంది, ఎదుటివాళ్ళ కాపురాల గురించి మాట్లాడటం మానుకుంటే నెలన్నర. మానుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు.

అయితే టోపీ తల కోసం కదా, కొలతకి తలలు కావాలి. బతికున్న మగవాళ్ళు ఆడవాళ్ళ క్లాసుకి వచ్చి తల వంచుకుని కూర్చుంటారా? వాళ్ళకి వేట ఉంది, మసీదు ఉంది, అరుగుల మీద తేల్చవలసిన ప్రపంచ రాజకీయాలున్నాయి. అందుకని మునిగినవాళ్ళు వస్తారు.

సముద్రంలో పోయి, శవం దొరకనివాళ్ళు అన్నమాట. దొరికినవాళ్ళని పూడుస్తాం కాబట్టి వాళ్ళు రారు. దొరకనివాళ్ళు ఆటు వేళకి మడ అడవిలోంచి నడుచుకుంటూ వచ్చి, బీ రుకియా ఇంటి ముందు పగడపు రాతి అరుగు మీద వరసగా కూర్చుంటారు. పోటు ఎక్కేలోపు లేచి వెళ్ళిపోతారు. ఆడవాళ్ళు వాళ్ళ ముందు ముసుగు వేసుకోవాలా అని ఒకప్పుడు మసీదు పెద్ద షేక్ ఒమారిని అడిగారు. ఆయన మూడు రోజులు ఆలోచించి, వాళ్ళనే అటు తిరిగి కూర్చోమనండి అన్నాడు. అప్పట్నుంచీ వీధి వైపు మొహం పెట్టి కూర్చుంటారు. కుట్టుకునేవాళ్ళకి కనిపించేది వాళ్ళ వెనక తలలూ, వాటినుంచి మెడ మీదికి కారే నీళ్ళూ. మా ఊళ్ళో ఏ ఆడదైనా తన మనిషిని వెనకనుంచి గుర్తుపట్టగలదు.

కొత్తగా చేరినవాళ్ళకి బీ రుకియా మొదట నేర్పేది కుట్టు కాదు, కొలత.

"దారాన్ని ముందు నీళ్ళలో ముంచి పిండండి," అంటుంది. "వీళ్ళ తలలు తడి. పొడి దారం చుట్టి ముడేశారో, తడి తగిలి అది ముడుచుకుపోతుంది. ఆ కొలతతో కుడితే టోపీ ఒక వేలు మందం తక్కువొస్తుంది. తర్వాత నన్ననొద్దు."

ఆ మాట విననివాళ్ళు ఏడాదికి ఒకరైనా ఉంటారు. టోపీ వేలు మందం తక్కువొస్తుంది, క్లాసంతా నవ్వుతుంది, ఆ పిల్ల పట్టీ విప్పి మళ్ళీ కుట్టుకుంటుంది.

బీ రుకియా మాత్రం నమూనా కోసం ఎప్పుడూ ఒకే తలకి దారం చుట్టి చూపిస్తుంది. అరుగు మీద ఆ చివర కూర్చునే బక్రీ తలకి. బక్రీకి ముప్పై రెండేళ్ళు, ఆమెకి యాభై ఎనిమిది. కొత్తగా వచ్చిన పిల్లలు అతను ఆమె కొడుకనుకుంటారు. ఆయన నా మొగుడే అని ఆమె చెప్పదు, ఇంకెవరూ చెప్పరు.

సోమోయే రోజూ అందరికన్నా ముందొస్తుంది. వచ్చి చాప మీద కూర్చోకుండా గుమ్మం పక్కన నిలబడి అరుగు మీది తలల్ని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూస్తుంది. ఏడు తలలు. ఏడూ గుండ్రటివే. అప్పుడు ఊపిరి వదిలి కూర్చుంటుంది. ఆ ఊపిరి ఊరటదో నిరాశదో ఆమెకే తెలీదు.

ఆమె వెతికేది వెనక పలకలా చదునుగా ఉండే తల. ఆమె మొగుడు ఫమావుని పసితనంలో తల్లి రోజంతా వెల్లకిలా పడుకోబెట్టి తోటపనికి పోయేదట, అందుకని తల అలా అయింది. ఎనిమిది నెలల కింద అతను వంజరం చేపల వేటకి చిన్న పడవలో ఒంటరిగా వెళ్ళాడు. మనిషి రాలేదు, పడవ రాలేదు, తెడ్డు కూడా ఒడ్డుకి కొట్టుకురాలేదు. అరుగు మీద కనిపిస్తే అతను పోయినట్టు, సోమోయే వితంతువు. కనిపించకపోతే ఎక్కడో ఉన్నట్టు, ఆమె ఇంకా అతని భార్య. మొగుడు ఆచూకీ లేని ఆడది నాలుగేళ్ళు వేచి చూడాలని షేక్ ఒమారి చెప్పాడు. ఆమెకి ఇరవై ఆరేళ్ళు. నాలుగేళ్ళలో ఎనిమిది నెలలు అయ్యాయి.

ఆ ఏడు కివాయు దీవిలో కొత్త క్లాసు పెట్టాలని సంఘం వాళ్ళు నిర్ణయించారు. అక్కడ టోపీ కుట్టడం వచ్చిన ముసలివాళ్ళంతా పోయారు, పిల్లలకి చెప్పే దిక్కు లేదు. ఏడాది పాటు ఒక టీచరు కావాలి, ఉండటానికి గది ఇస్తారు, జీతం ఇస్తారు. బీ రుకియా ఇంకో ఆలోచన లేకుండా సోమోయే పేరు చెప్పింది. సోమోయే కుట్టిన కన్నాన్ని వెనక్కి తిప్పి చూసినా ఏది పైవైపో ఏది లోవైపో తెలీదు, అంత శుభ్రం.

సోమోయేకి ఆ ఉద్యోగం కావాలని ఉంది. చాలా కావాలని ఉంది. ఎనిమిది నెలలుగా ఊళ్ళో అందరూ ఆమెని చూసి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. అలా కాకుండా, పన్నెండు మంది పిల్లలు ముందు కూర్చుని ఇది ఎలా కుట్టాలి అని గట్టిగా అడిగే చోటు ఒకటుందని తెలిశాక ఆమెకి అన్నం కూడా సరిగ్గా దిగలేదు. కానీ మొగుడున్న ఆడది ఊరు దాటాలంటే మొగుడు సరే అనాలి. అతను లేకపోతే అతని తల్లి అనాలి.

ఫమావు తల్లి బీ తీమా పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది, సోమోయే అడిగినప్పుడు.

"కివాయు ఎందుకు? ఇక్కడ తిండి చాలట్లేదా?"

"తిండి కోసం కాదత్తా. ఏడాదే. మళ్ళీ వచ్చేస్తాను."

"రేపు వాడొస్తాడు. వచ్చి, అమ్మా నా పెళ్ళామేదీ అంటే ఏం చెప్పను? టోపీలు కుట్టడం నేర్పడానికి పోయింది నాయనా, నువ్వు కాస్త కూర్చో, అనా?"

"ఎనిమిది నెలలైంది కదత్తా."

"అయితే ఏం? మలిండిలో చూశారుగా వాణ్ణి. బస్టాండు దగ్గర టీ కొట్టులో, పక్కన ఎవత్తో ఉందట. మగాడన్నాక బుద్ధి గడ్డి తింటుంది, తిరిగి ఇంటికే వస్తుంది. వచ్చేదాకా పెళ్ళాం ఇంట్లో ఉండాలి." చిప్ప పక్కన పడేసి ఇంకో చిప్ప అందుకుంది. "ఇక ఆ మాట ఎత్తకు."

మలిండిలో చూసిందెవరు? అది మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. క్లాసులోని ఖదీ చెప్పింది అంటే, ఖదీ చేపలమ్మే ఆమె దగ్గర విన్నానంటుంది, చేపలమ్మే ఆమె బీ తీమాయే చెప్పిందంటుంది. కన్నతల్లి కొడుకు మీద అంత మాట పుట్టించదు కదా అని ఊరుకున్నాం. అక్కడే పొరపాటు పడ్డాం.

ఇంకో విచిత్రం కూడా ఉంది. కోడలు బావి దాకా వెళ్ళొచ్చినా ఆరా తీసే బీ తీమా క్లాసుకి మాత్రం ఏనాడూ వద్దనలేదు. పైగా "ఆటు మొదలైంది, ఇంకా కదలవేం" అని తరిమేది. మూడు నెలల కింద తనూ క్లాసులో చేరింది. అరవై దాటిన మనిషి, ఎడమ కంట్లో పొర. సూదిలోకి దారం ఎక్కించడానికే ఆమెకి ఒక పూట పడుతుంది. ఎప్పుడూ అందరూ వచ్చిన అరగంటకి వచ్చేది, ఒంటికి చుట్టుకున్న కాంగా గుడ్డ అంచు తడిసి ఉండేది. అందరికన్నా ముందు లేచి వెళ్ళిపోయేది.

"ఈ వయసులో ఎవరి కోసం బీ, టోపీ? చాటుగా ఎవరినైనా చూసుకున్నావా?" అని ఖదీ ఆటపట్టించేది. ఖదీ నోటికి ఊళ్ళో గాడిదలు కూడా పక్కకి తప్పుకుంటాయి.

"ఫాజాలో మా తమ్ముడి కొడుకు కోసం. నువ్వు నీ కన్నం చూసుకో, నక్క దూరేట్టుంది," అనేది బీ తీమా.

కివాయు పడవ శుక్రవారం పోటుకి. బుధవారం క్లాసులో బీ రుకియా చెప్పింది, సోమోయేకి ఇంట్లో ఒప్పుకోకపోతే ఖదీని పంపుతానని.

"నన్నా? మూడు నెలల్లో దీవిలో అందరి కాపురాలూ కూల్చి వస్తాను," అంది ఖదీ. కానీ ఆమె మొహం వెలిగింది. సోమోయే ఆ వెలుగు చూసి తల దించుకుని కుట్టుకుంది.

ఆ రోజే బీ తీమా టోపీ పూర్తయింది. మూడు నెలల పని. కన్నాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పువ్వులు ఎండలో వాడినట్టు ఒక పక్కకి వాలిపోయాయి. అయినా పూర్తయింది. బీ రుకియా దాన్ని చేత్తో తట్టి, "సోమోయే, మీ అత్త టోపీ కొలత చూడమ్మా. పెద్దవాళ్ళ తలకైతే ఎంత ఉండాలో నీకు తెలుసుగా," అని ఇచ్చింది.

సోమోయే టోపీని కుండ మీద బోర్లించింది. అది బిగుతుగా పట్టేసి సగంలోనే ఆగింది.

"వేలు మందం తక్కువ," అంది ఖదీ పక్కనుంచి తొంగిచూసి. "బీ, మీ తమ్ముడి కొడుకు కూడా మునిగాడేమిటి?"

నలుగురైదుగురు నవ్వారు. బీ తీమా నవ్వలేదు. "కళ్ళు కనపడక ముడి సరిగా వెయ్యలేదు," అని చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వు, వెళ్ళాలి."

సోమోయే ఇవ్వలేదు. టోపీని తిరగేసి పట్టీ వెనక భాగం చూస్తోంది. అక్కడ బీ తీమా ఒక మడత వేసి కుట్టింది. గుండ్రటి తలకి ఆ మడత అక్కర్లేదు. చదునుగా ఉండే వెనక తల మీద టోపీ ముడతలు పడకుండా నిలవడానికి వేసే మడత అది. ఈ ఊళ్ళో ఆ మడత అవసరమైన తల ఒక్కటే, దానికి టోపీ కుట్టింది ఇంతవరకూ సోమోయే ఒక్కతే.

మా వైపు పెళ్ళికూతురే పెళ్ళికొడుకు టోపీ కుడుతుంది. నిశ్చయమైనప్పుడు అబ్బాయి తలకొలత దారం ముడేసి అమ్మాయి ఇంటికి పంపుతారు. ఆ దారాన్ని పారెయ్యరు. సోమోయే తన సూదుల డబ్బా తెరిచి అడుగునున్న దారాన్ని తీసింది, టోపీ అంచు వెంట పరిచింది. దారం చివర వేలు మందం మిగిలింది. సరిగ్గా వేలు మందం. తమ్ముడి కొడుకు లేడు, ముడి తప్పుగా పడలేదు. ఎవరో పొడి దారాన్ని ఫమావు తడి తలకి చుట్టారు.

ఆమె దారాన్ని మళ్ళీ చుట్టి డబ్బాలో పెట్టింది. టోపీ అత్తకిచ్చి, "బాగా కుట్టావత్తా," అంది.

బీ తీమా టోపీ కొంగులో దాచుకుని గబగబా వెళ్ళింది. సోమోయే లేచి వెనకే నడిచింది. అరుగు మీద బక్రీ తల కొంచెం వంచాడు.

ఇంట్లో పెరటి వైపు ఒక గది ఉంది. ఎండు కొబ్బరి, చిరిగిన వలలు పెట్టే గది, తాళంచెవి ఎప్పుడూ బీ తీమా నడుముకి వేలాడుతుంది. ఆ గోడ కింద ఉప్పు పేరుకుని తెల్లగా పొట్టు రాలుతుంటే పాత పగడపు రాయి అంతే అనుకునేది సోమోయే. సున్నం కూడా ఒకసారి వేసింది.

ఆమె వెళ్ళేసరికి అత్త తాళం తీసి గుమ్మంలో నిలబడి ఉంది. వెనక్కి తిరిగి కోడల్ని చూసి, తలుపు మూయబోయి, మానుకుంది.

గదిలో బోర్లించిన రోలు మీద ఫమావు గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. పలక లాంటి వెనక తల. జుట్టు నుంచి నీళ్ళు కారి, వీపు మీదుగా నేల మీద పడి, పెరటి గుమ్మం వైపు సన్నగా పారుతున్నాయి.

"ఎప్పట్నుంచి?" అంది సోమోయే.

"మూడో రోజు నుంచి," అంది బీ తీమా. "నువ్వు క్లాసుకి పోగానే వస్తాడు. వెనక తలుపు గుండా. అరుగు మీదికి పోవద్దని నేనే చెప్పాను."

"ఎందుకు?"

"అక్కడ కూర్చుంటే పోయినట్టే గదే." ఆమె గుమ్మం మీద కూలబడింది. "నువ్వు ఏడుస్తావు. ఊరంతా వచ్చి చాప మీద కూర్చుంటుంది. నాలుగు నెలల పది రోజులు వితంతువు గడువు పట్టి, లెక్కపెట్టుకుని, నీ దారిన నువ్వు పోతావు. తర్వాత ఈ ఇంట్లో వాడి పేరు పలకడానికి నేనొక్కదాన్ని."

"మలిండిలో ఎవత్తో పక్కన కూర్చోబెట్టావు ఆయన్ని. ఎనిమిది నెలలు నన్ను చూసి ఊరంతా నవ్వుకుంది."

"అక్కడ బతికే ఉన్నాడు గదా," అంది బీ తీమా.

సోమోయేకి కోపం వచ్చింది. ఇంత కోపం తన ఒంట్లో పడుతుందని ఆమెకి తెలీదు. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"సోమోయేనా?" అన్నాడు ఫమావు, తల తిప్పకుండా.

"నేనే."

"తల చల్లగా ఉందని నేనే అన్నాను. అందుకని అమ్మ టోపీ కుడతానంది. ఆమెనేమీ అనకు. కళ్ళు కనపడవు పాపం."

"ఎలా జరిగింది?"

"పెద్ద చేప తగిలింది. తాడు కాలికి చుట్టుకుంది." వంగి చీలమండ నిమురుకున్నాడు. "తర్వాత చీకటి."

"నొప్పెట్టిందా?"

"గుర్తులేదు."

ఎనిమిది నెలలుగా దాచుకున్న ప్రశ్నలు చాలానే ఉన్నాయి, కానీ అవన్నీ మలిండిలో ఉన్న మనిషిని అడగవలసినవి. అత్త ఒళ్ళోంచి టోపీ తీసుకుని, "పట్టీ విప్పి వేలు మందం గుడ్డ కలపాలి," అని మాత్రం అని బయటికి వచ్చింది.

మర్నాడు బీ రుకియాని తోడు తీసుకుని షేక్ ఒమారి దగ్గరికి వెళ్ళింది. ఆయన మసీదు అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. ఎప్పుడు పోయాడో రోజు అడిగి వేళ్ళు మడిచి లెక్కేశాడు.

"గడువు మనిషి పోయిన రోజు నుంచి లెక్క, నీకు తెలిసిన రోజు నుంచి కాదు," అన్నాడు. "నాలుగు నెలల పది రోజులు ఎప్పుడో అయిపోయాయి. మూడున్నర నెలలుగా నువ్వు ఎవరి అనుమతీ అక్కర్లేని మనిషివి. కివాయు కాదు, ఎక్కడికైనా పోవచ్చు."

బీ రుకియా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. సోమోయే లేవలేదు.

"అంటే నేను వితంతువుగా ఉండటం కూడా అయిపోయిందా?"

"అయిపోయింది."

"నేను ఒక్కరోజు కూడా ఉండలేదు కదా."

షేక్ ఒమారి మంచివాడు. చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. "పుస్తకంలో రోజుల లెక్కే ఉందమ్మా," అన్నాడు చివరికి. "మిగతాది లేదు."

నన్నడిగితే ఇది దొంగతనమే. బీ తీమా కోడల్ని నాలుగేళ్ళు కట్టెయ్యాలనుకుంది, అది కుదరలేదు సరే. కానీ ఒక ఆడది మొగుడి కోసం తలుపు వేసుకుని ఏడవవలసిన రోజులని, పక్కింటివాళ్ళు అన్నం వండి తెచ్చి పెట్టవలసిన రోజులని ఆమె కోడలి చేతుల్లోంచి లాగేసుకుంది. తిరిగి ఇద్దామన్నా ఇవ్వలేదు. ఇంత చేసినా ఆ ముసలమ్మని తిట్టడానికి నాకు నోరు రాదు. ఒంటి కన్నుతో మూడు నెలలు వెయ్యి కన్నాలు కుట్టింది, కొడుకు తల చల్లగా ఉందన్నాడని.

సోమోయే ఆ రోజంతా పట్టీ కుట్లు విప్పి, వేలు మందం గుడ్డ చేర్చి, దాంట్లో కన్నాలు పొడిచి కుట్టింది. తన కన్నాలు అత్త కన్నాల పక్కన మరీ చక్కగా కనపడతాయని, కొంచెం వంకరగా కుట్టింది. అలా కుట్టడం ఆమెకి చాలా కష్టమైంది.

శుక్రవారం ఆటు వేళకి బీ తీమా కొడుకు చెయ్యి పట్టుకుని వీధిలోంచి నడిపించుకుని వచ్చింది. వీధి పొడుగునా తడి పాదాల గుర్తులు. అరుగుల మీద మగవాళ్ళు మాటలు ఆపి లేచి నిలబడ్డారు. బక్రీ, అతని పక్కవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఫమావు వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. అరుగు మీద ఇప్పుడు ఎనిమిది తలలు.

సోమోయే దారాన్ని గిన్నెలో ముంచి పిండి, వెనకనుంచి అతని నుదుటి చుట్టూ తెచ్చి ముడేసింది. పెళ్ళినాటి కొలతే. ముడి వేశాక కూడా దారం వదలబుద్ధి కాలేదు. అతనే చెయ్యెత్తి ముడిని నెమ్మదిగా పైకి జరిపి తీసి, వెనక్కి అందించాడు. వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆమె టోపీ పెట్టింది.

"సరిపోయిందా?"

"సరిపోయింది. వెచ్చగా ఉంది." టోపీ సర్దుకుని అడిగాడు, "పడవ ఎప్పుడు?"

"పోటుకి."

"అప్పటికి నేను వెళ్ళిపోవాలి," అన్నాడు. పోటుకి బయల్దేరేవాళ్ళని మునిగినవాళ్ళు సాగనంపలేరు, ఆ వేళకి అరుగంతా ఖాళీ. అతను దాని గురించి ఆలోచించినట్టున్నాడు. "సగం దారి దాకా నీ పడవ కింద వస్తాను."

పక్కన నిలబడ్డ బీ తీమా ఆ మాట వింది. "సగం దారే," అంది. "అక్కణ్ణుంచి తిరిగి రావాలి. రేపు ఆటుకి ఈ అరుగు మీద ఉండాలి. మాటివ్వు నాకు."

"ఉంటానమ్మా."

బీ తీమా కోడలి వైపు చూడలేదు. తన కాంగా అంచు పిండుకుంటూ, "అక్కడ నీళ్ళు మంచివి కావు, కాచుకుని తాగు," అంది.

మధ్యాహ్నం దాటాక తెరచాప పడవ కదిలింది. పిండి బస్తాలు, ఒక మేక, ఊరు తెలియని ఇద్దరు ఆడవాళ్ళు, కోళ్ళ గంప. ఖదీ ఒడ్డున నిలబడి, కివాయు మగాళ్ళ గురించి ఏదో పెద్దగా అరిచి చెప్పింది, గాలికి సరిగా వినపడలేదు. సోమోయే పడవ అంచున కూర్చుని కుడిచెయ్యి నీళ్ళలోకి దించింది.

నీళ్ళు మణికట్టు దాకా వచ్చాయి. కాసేపటికి వేళ్ళ మధ్య బరువుగా అనిపించింది. ఆమె కిందికి చూడలేదు. రెండు గంటల పాటు అలాగే కూర్చుంది, భుజం లాగుతున్నా చెయ్యి మార్చలేదు. మ్వంబాని మడ చెట్లు చిన్నవయ్యాయి, ఎదురుగా కివాయు ఇసుక తిన్నెలు పెద్దవయ్యాయి. రెండూ ఒకే ఎత్తున కనిపించే చోటికి వచ్చేసరికి చేతిలో బరువు పోయింది. ఉత్త నీళ్ళు మిగిలాయి.

ఆమె చెయ్యి వెంటనే తియ్యలేదు. ఇంకొంచెం సేపు ఉంచి, తీసి, ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. అప్పుడు ఏడుపు వచ్చింది. ఎనిమిది నెలలది, అడ్డూ ఆపూ లేకుండా.

"ఇందాకటి నుంచీ పడవ ఎందుకో బరువుగా లాగింది, ఇప్పుడు తేలికయింది," అంటూ చుక్కాని దగ్గర నుంచి ఇటు తిరిగిన సరంగు ఆమెని చూసి ఆగాడు. "ఏమ్మా, ఎవరైనా పోయారా?"

"మా ఆయన."

"అయ్యో. ఎప్పుడు?"

"ఇప్పుడే," అంది సోమోయే.

సరంగు పెదవులు కదిపి ప్రార్థన చదివాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ కోళ్ళ గంప పక్కకి నెట్టి, దగ్గరికి జరిగి వచ్చి, ఆమెకి చెరో పక్కన కూర్చున్నారు.